ఒక్క దినములో ఓరుగల్లు

దేశాటనము వలన లోకజ్ఞానము కలుగునని పెద్దలు చెప్పగా మనమందరము వినియున్నాము. కాని ఆ దేశాటనమునకు 24 మంది పిల్లలను వెంటబెట్టుకొని, కోడి కూయకముందే బయలుదేరి, ఒక్కరిని కూడ పోగొట్టుకొనకుండ రాత్రికి తిరిగి తల్లుల చేతులలో పెట్టుట ఎట్టి కార్యమో ఆ పెద్దలు చెప్పలేదు. ఆ సంగతిని మేము స్వానుభవము వలన తెలిసికొన్నాము. ఈ సంచిక ద్వారా మిత్రులకును, యాత్రకు ధనసహాయము చేసిన కళాశాల కార్యవర్గము వారికిని ఆ అనుభవమును నివేదించుట మా విధి అని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా నలుగురము. ఇద్దరి ఇంటి భాష తెలుగు, ఇద్దరిది ఉర్దూ. పాల్వంచ నుండి భద్రాచలము పోవు మార్గములో, అడవి అంచున గల ఒక చిన్న పల్లెలో, శని ఆదివారములలో పిల్లలకు చదువు చెప్పుచున్నాము. ఆ పల్లెలో సగము కోయ కుటుంబములు. మిగిలినవారిలో ఎప్పుడో తాతల కాలమున దర్జీపనికి, గాజుల బేరమునకు వచ్చి స్థిరపడిన ముస్లిములు కొందరు, కూలిపని చేసికొను ఇతరులు కొందరు. అచ్చటికి చేరువలో నున్న రైలు స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. అది ఉన్నది కొత్తగూడెములో. స్టేషనులో దిగి గోదావరిలో మునుగవలెనని వచ్చిన యాత్రికుడు ఇంకను సుమారు 40 కిలోమీటర్లు పోవలెను. ఇంత దగ్గర స్టేషనున్నను మా పిల్లలలో చాలమంది బొగ్గు బండ్లను చూచినారే గాని రైలు ఎక్కి ఎరుగరు.

యాత్ర ఆలోచన మాది కాదు. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు స్వీకరించిన ముద్రను ఒకనాడు పాఠ్యపుస్తకముపై చూపి, దానిలో ఏమేమి ఉన్నవో చెప్పుమన్నాము. మధ్యనున్న చార్మినారును అందరును గుర్తించినారు. దాని చుట్టునున్న తోరణమును ఒక్కరును గుర్తింపలేదు. “తలుపులేని దర్వాజా” అన్నాడొకడు. అది ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణమనియు, మన జిల్లాకు పొరుగుననే ఉన్నదనియు చెప్పినాము. “మీరు చూసిన్రా సార్?” అని అడిగినారు. చూచినామన్నాము. “మాకు చూపిస్తరా?” అన్నారు. చూపింతుమన్నాము. నోరు జారుట అనగా ఇదియే.

ఆ రాత్రి వసతిగృహములో కూర్చుండి ఒక కాగితముపై ప్రణాళిక వ్రాసినాము. కోట, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట, వేయిస్తంభముల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు, కాజీపేట దర్గా, రామప్ప, లక్నవరము, ఇంకను రెండు మూడు. మొత్తము 11 స్థలములు. ప్రతి స్థలమునకు ఎదురుగా గంటలు, నిమిషములు వ్రాసి, క్రింద ఎఱ్ఱ సిరాతో గీత కూడ గీసినాము. మరునాడు దానిని మా చరిత్ర అధ్యాపకులకు సగర్వముగా చూపినాము. వారు కళ్ళజోడు సవరించుకొని మొదటి నుండి చివరి వరకు చదివి, “బాగున్నది. ఇందులో పిల్లలు మూత్రవిసర్జనకు పోవు వేళ యెక్కడ ఉన్నది?” అన్నారు.

మేము బదులు చెప్పలేదు. వారు పెన్సిలు తీసి ముందుగా రామప్పను కొట్టివేసినారు. మాకు ప్రాణము విలవిలలాడినది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తింపు పొందినది. దాని గోపురమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునని మాలో ఒకడు అప్పటికే పిల్లలకు చెప్పియుండెను. కాని పాలంపేట వరంగల్లునకు సుమారు 70 కిలోమీటర్ల దూరము. పోవుట, వచ్చుట కలిపి దినములో మూడు గంటలకు పైగా రోడ్డు మీదనే గడచును. పిల్లలు తేలు ఇటుకలను చూచుటకు బదులు ఒకరి ఒడిలో ఒకరు వాంతి చేసికొందురని అధ్యాపకులు అన్నారు. ఇటుకల సంగతి చెప్పిన మిత్రుడు రెండు దినములు వారికి నమస్కారము పెట్టలేదు.

దర్గాను, భద్రకాళిని కొట్టివేయుట అంతకంటె కష్టమైనది. కాజీపేటలోని హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గాకు పిల్లలను తీసికొనిపోవలెనని పల్లెలోని ముస్లిము తల్లులు కోరినారు. అంత దూరము పోయి భద్రకాళి దర్శనము లేకుండ ఎట్లు వత్తురని తక్కినవారు అడిగినారు. ఒకటి పెట్టిన రెండవది పెట్టక తప్పదు. రెండును పెట్టిన కోటకు సమయము చాలదు. కనుక రెండును తీసివేసినాము. ఇరుపక్షముల వారును మమ్ము సమానముగా నిందించినారు. ఒక ముసలమ్మ 11 రూపాయలు చేతిలో పెట్టి దర్గా హుండీలో వేయుమన్నది. మరొకామె కొబ్బరికాయ ఇచ్చినది. ఆ 11 రూపాయలను తరువాత మాలో ఒకడు వేరు పని మీద కాజీపేటకు పోయినప్పుడు సమర్పించినాడు. కొబ్బరికాయ మాత్రము రైలులో బెంచీ క్రిందనే పగిలిపోయినది.

దినము నిర్ణయించుటలో కూడ చిక్కులున్నవి. ప్రత్తి తీయు కాలములో సగము మంది పిల్లలు చేలలోనే ఉందురు. సంక్రాంతికి రైళ్ళలో కాలు మోపుటకు చోటుండదు. మిరప ఏరుట ముమ్మరమైన పెద్ద పిల్లలు రారు. రంజాను మాసములో ఉపవాసమున్న పిల్లలను ఎండలో త్రిప్పరాదు. ఇవన్నియు త్రోసివేయగా ఫిబ్రవరిలో మొదటి ఆదివారము మిగిలినది. ఆ మాట చెప్పుటకు కోయ పెద్ద ఒకరి ఇంటికి పోగా ఆయన మమ్ము తేరిపార చూచి, “ఈ యేడు జాతర లేదు గదా, అటు దిక్కెందుకు పోవుడు?” అన్నాడు. ఆయన దృష్టిలో ఓరుగల్లు దిక్కు అనగా మేడారము. ఆ మాటకు అప్పుడు మేము నవ్వి ఊరకున్నాము. దానిలో మాకొక పాఠమున్నదని అప్పటికి తోచలేదు.

పల్లె నుండి వరంగల్లు వరకు రోడ్డుమార్గమున పోవచ్చును. అట్లు పోయిన ఖర్చు తక్కువ. కాని రైలు లేని యాత్రకు తాము రామని పిల్లలు తెగేసి చెప్పినారు. తల్లుల షరతు వేరు. “పొద్దున తీస్కపోయి రాత్రికల్లా తీస్కరావాలె. ఆడపిల్లల్ని రాత్రి బయట ఉంచం” అన్నారు. కనుక తెల్లవారుజామున రెండు తుఫాను బండ్లలో డోర్నకల్లునకు పోయి, అచ్చట విజయవాడ వైపు నుండి వచ్చు రైలు ఎక్కి, సాయంత్రపు రైలులో అదే దారిని తిరిగి రావలెనని నిశ్చయమైనది. కార్యవర్గ సభ్యులలో ఒకరు “ఇది విద్యాయాత్రయా, వినోదయాత్రయా?” అని ప్రశ్నించినారు. పిల్లలకు ఆ భేదము తెలియదని మనవి చేసినాము. వారు నవ్వి సగము ఖర్చు మంజూరు చేసినారు. అందులకు కృతజ్ఞులము. తక్కిన సగము మేము తలా కొంత వేసికొన్నాము. పదిహేనేండ్ల లోపు పిల్లలకు పురావస్తు శాఖవారి ప్రవేశ రుసుము లేకపోవుట మాకు కొంత ఊరట.

భోజనము విషయమై ఒక సాయంత్రమంతయు చర్చించినాము. మాంసము మాట వచ్చిన హలాలు మాట వచ్చును, వండెడివారెవరను మాట వచ్చును. అందువలన పులిహోర, ఉడికించిన గ్రుడ్లు, అరటిపండ్లు, పల్లీలు, బెల్లము అని తేల్చినాము. పెరుగన్నము మధ్యాహ్నమునకు పులియునని మాలో ఒకని తల్లి హెచ్చరించి మానిపించినది. పులిహోర రెండిండ్లలో వండినారు. ఏ గిన్నె ఏ యింటిదో రైలులో కలిసిపోయినది.

ఇప్పుడు చెప్పుటకు సిగ్గుపడవలసిన విషయమును చెప్పవలెను. మొదటి జాబితాలో 24 పేర్లున్నవి. వానిలో ఒక పేరు మేమే కొట్టివేసినాము. ఆమె దర్జీ కూతురు, తొమ్మిదేండ్లది. చిన్ననాడు ఎడ్లబండి చక్రము పాదము మీదుగా పోయి, ఎడమకాలు ఈడ్చి నడుచును. ఏకశిల గుట్ట మెట్లు ఎక్కలేదనియు, రైలు ఎక్కి దిగుటలో ఆలస్యమగుననియు, ఆమె వలన తక్కిన 23 మంది వెనుకబడుదురనియు మాలో మేము తర్కించుకొన్నాము. తర్కములో దోషమేమియు కనబడలేదు. ఆమె తల్లికి ఆ మాట మెల్లగా చెప్పి వచ్చినాము. ఆమె మారు మాటాడలేదు. మరుసటి శనివారము ఆ పిల్ల చదువునకు రాలేదు. పోయి చూచితిమి. గడపలో కూర్చుండి చొక్కాలకు గుండీలు కుట్టుచున్నది. మేము ఇచ్చిన నోటుపుస్తకములు రెండును గూటిలో ఒకదానిపై ఒకటి సర్ది యున్నవి. తల్లి వానిని తెచ్చి మా చేతికిచ్చి, “ఒక మాట అడుగుత బేటా, కోటల నా బిడ్డ ఉర్కవలసిన పనేమున్నది?” అన్నది.

ఆ ప్రశ్నకు జవాబు లేదు. కోట ఏడు నూర్ల ఏండ్లకు పైగా అచ్చటనే ఉన్నది. ఎచ్చటికిని పరుగెత్తిపోవుట లేదు. మేమే పరుగెత్తుచున్నాము.

ఆ పిల్ల పేరు తిరిగి వ్రాసి ప్రణాళికను మొదటి నుండి మార్చినాము. ఏకశిల గుట్టను క్రింది నుండి చూచినచో చాలుననుకొన్నాము. ఉదయమంతయు కోట, మధ్యాహ్నము తరువాత వీలైన వేయిస్తంభముల గుడి. పదకొండింటిలో మిగిలినవి రెండు. దినమంతయు ఆమె నడకయే అందరి నడక. మాలో ఒకడు అందరికంటె ముందు, ఒకడు ఆమెతో అందరికంటె వెనుక. ముందున్నవానిని ఎవ్వరును దాటరాదు, వెనుకనున్నవానికి వెనుక ఎవ్వరును ఉండరాదు. ఇది అధ్యాపకులు చెప్పిన సూత్రము. స్కౌటు మాస్టరుగా పనిచేసిన అనుభవము వారికున్నది.

వారు మరొక హెచ్చరిక కూడ చేసినారు. “రాళ్ళు చూపుట సులభము. అక్కడ విరిగిన రాళ్ళున్నవి. వీటిని ఎవరు పగులగొట్టినారని అడుగుదురు. మీ వెంట వచ్చువారిలో అన్ని ఇండ్ల పిల్లలున్నారు. ఏమి చెప్పుదురో ముందే ఆలోచించుకొనుడు” అన్నారు.

మేము మూడు రాత్రులు వాదించుకొన్నాము. కాలవశమున కూలిపోయినవని చెప్పినచో చాలునన్నాడొకడు. అది అబద్ధము, పిల్లలు పెద్దవారై చదివినప్పుడు మనలను నమ్మరు అన్నాడు మరొకడు. పుస్తకములు తెచ్చి ముందర వేసికొన్నాము. గణపతిదేవుడు ఆరంభింపగా రుద్రమదేవి పూర్తిచేసిన కోట అది. లోపల రాతిగోడ, దాని చుట్టును అగడ్త, ఆవల మట్టికోట. 1309లో ఢిల్లీ నుండి బయలుదేరిన మాలిక్ కాఫూరు దండెత్తివచ్చి ముట్టడించినాడు. ఆ మట్టికోట దృఢత్వమును పారసీకములో ఆశ్చర్యముతో వర్ణించినవాడు అమీర్ ఖుస్రో. మా ఉర్దూ విభాగము మిత్రులు ఆయనను కవిగా ఎరుగుదురు గాని ఓరుగల్లు మట్టిని మెచ్చినవాడని ఎరుగరు. 1323లో ఉలుఘ్ ఖాన్ కోటను జయించినాడు. తరువాత ఆయనయే మహమ్మద్ బిన్ తుగ్లకు అను పేరుతో సుల్తానైనాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూరు అయినది. స్వయంభూ దేవుని గుడి పోయినది. నాలుగు తోరణములు నిలిచినవి.

అంతటితో కథ ఆగియున్న మా వాదము తేలెడిది కాదు. కాని రెండు నూర్ల యేండ్ల తరువాత అదే కోటను షితాబ్ ఖాన్ అను వాడు ఏలినాడు. అసలు పేరు సీతాపతి అని చెప్పుదురు. పేరు ఖాన్, శాసనము 1504 నాటిది, అందులో పాంచాలరాయ దేవుని తిరిగి ప్రతిష్ఠించిన విషయము కలదు. మన ఖమ్మము ఖిల్లాను ఏలినవాడు కూడ ఆయనయే. ఆయన చేతి నుండియే సుల్తాన్ కులీ కుతుబ్ షా ఖిల్లాను గైకొన్నాడు. ఆ కుతుబ్ షాహీలలో కడపటివాడు తానీషా. ఆయన పేరు మా పిల్లలకు కొత్త కాదు. పాల్వంచ తహసీలుదారు గోపన్నను గోలకొండ చెరలో పెట్టినవాడును, భద్రాచల కల్యాణమునకు ముత్యములు పంపినవాడును ఆయనయే అని ఇంటింటను వినియున్నారు. ఇన్ని సంగతులు ఎదుట పెట్టుకొని చూచిన పిమ్మట, ఉన్నది ఉన్నట్లు సంవత్సరములతో సహా చెప్పవలెనని నలుగురమును ఒప్పుకొన్నాము. ఒక కాగితముపై జవాబులు వ్రాసి జేబులో పెట్టుకొన్నాము.

ఆదివారము వేకువన నాలుగు గంటలకు పల్లె అంతయు మేలుకొని యున్నది. డోర్నకల్లులో రైలు వచ్చునప్పటికి పిల్లలు చలికి ముడుచుకొని కూర్చుండినవారు ఒక్కసారిగా లేచి నిలువబడినారు. రైలు ప్రయాణమును వర్ణింపబోము. మహబూబాబాదు, కేసముద్రము, నెక్కొండ అని స్టేషను పేర్లు బిగ్గరగా చదువుచు పోయినారు. చదువునకు ఇంతకంటె మంచి పలక లేదని మాకు తోచినది. ఆ దర్జీ పిల్లకు కిటికీ ప్రక్క చోటిచ్చినాము. వరంగల్లులో దిగువరకు ఆమె అచ్చటి నుండి కదలలేదు, ఎవ్వరితోను మాటాడలేదు.

స్టేషను నుండి కోటకు ఆటోలలో పోయినాము. మట్టికోట దాటినప్పుడు పిల్లలు దానిని కోట అని నమ్మలేదు. “గట్టు సార్ ఇది” అన్నారు. రాతికోట ద్వారము మలుపులు తిరుగుచుండగా నిశ్శబ్దులైనారు. తోరణములు కనబడగానే ఒకడు సంచిలో నుండి పాఠ్యపుస్తకము తీసి ముద్రను ప్రక్కన పెట్టి చూచి, “చార్మినార్ లేదు” అని నిరాశతో పలికినాడు. ఆ రెండును వేరువేరు ఊళ్ళలో ఉన్నవని మేము చెప్పుట మరచినాము. చిన్న సంగతులే మరపునకు వచ్చును.

గంటసేపు వారిని వారి ఇష్టమునకు విడిచినాము. తోరణముపై హంసలను లెక్కించినారు. రాతి ఏనుగులను, సింహములను వెదకినారు. అప్పుడు వచ్చినది ఆ ప్రశ్న. అడిగినవాడు గాజుల వ్యాపారి కొడుకు, పదేండ్లవాడు. పడియున్న స్తంభము మీద కూర్చుండి, “దీన్ని ఎవరు పగులగొట్టిన్రు సార్?” అన్నాడు. మాలో ఒకడు జేబులోని కాగితము తీయకుండగనే చెప్పినాడు. 1323వ సంవత్సరము, ఢిల్లీ సైన్యము, ఉలుఘ్ ఖాన్. పిల్లవాడు తన కాళ్ళ వైపు చూచుకొన్నాడు. కొంతసేపటికి “అంటే మావోళ్ళా?” అన్నాడు. స్వరము తగ్గినది.

మా జవాబు సిద్ధముగనే ఉన్నది. కాని మేము నోరు తెరచులోపల, దూరముగా నిలువబడియున్న కోయ బాలుడొకడు కలుగజేసికొన్నాడు. “ఆ రాజు గూడ మంచోడేం గాదు. కప్పం కట్టలేదని సమ్మక్క మీదికి ఫౌజు పంపిండు” అన్నాడు.

మేము నలుగురము ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. మూడు రాత్రుల వాదములో ఢిల్లీని తలచినాము, గోలకొండను తలచినాము, ఖమ్మమును తలచినాము. మా వెంట వచ్చిన పిల్లలలో సగము మంది ఏ అడవి నుండి వచ్చినారో ఆ అడవిని తలపలేదు. మా కాగితములో సమ్మక్క పేరు లేదు. మా పుస్తకములలో ప్రతాపరుద్రుడు కోటను కాపాడుకొనలేక ఓడిన వీరుడు. ఆ బాలుని ఇంటిలో ఆయన కఱవు నాడు కప్పమడిగి దండు పంపినవాడు. ఇద్దరును ఒక్కరే. జాతర లేని యేడు అటు దిక్కెందుకని ఆ పెద్దమనిషి అడిగినది అప్పుడు మాకు జ్ఞాపకమునకు వచ్చినది.

“నీవే చెప్పు” అన్నాము వానితో. వాడు మొదట సిగ్గుపడినాడు. తరువాత మొదలుపెట్టి పావుగంట చెప్పినాడు. పులుల నడుమ దొరికిన పసిపాప, పగిడిద్దరాజుతో పెండ్లి, వానలు లేక పంటలు పండకపోవుట, సంపెంగ వాగు దగ్గర యుద్ధము, ఓటమికి తాళలేక జంపన్న వాగులో దూకుట, ఆ వాగునకు ఆయన పేరే నిలుచుట, వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడచిపోవుట. వెదకబోయినవారికి పుట్ట దగ్గర కుంకుమభరిణె మాత్రమే దొరికినదట. వాడు చదువులో వెనుకబడినవాడని మేము మా పుస్తకములో గుర్తు పెట్టియున్నాము. అంత తడవుకొనకుండ మాటాడగలడని ఎరుగము. తోరణము నీడలో 23 మందియు చుట్టును కూర్చుండి విన్నారు. గాజులవాని కొడుకు ముందునకు జరిగి, “మరి సమ్మక్క గెలిచిందా?” అని అడిగినాడు. “గెలవలే. గుట్టెక్కి మాయమైంది. రెండేండ్లకొకసారి వస్తది” అన్నాడు వాడు. “మేము బెల్లం ఇస్తం. మా బరువంత.”

“మావోళ్ళా” అను ప్రశ్నకు జవాబు అట్లే మిగిలిపోయినది. తరువాత ఖుష్ మహలులో, ఏటవాలు గోడల మధ్య, షితాబ్ ఖాను సంగతి చెప్పినాము. ఖమ్మము ఖిల్లా పేరు వినగానే ఆ బాలుడు తలయెత్తినాడు. అది వానికి జవాబైనదో కాలేదో మేము చెప్పజాలము. ఎత్తైన ఆ మందిరములో కేకలు పెట్టిన ప్రతిధ్వని వచ్చుచున్నదని పిల్లలు కనుగొన్న తరువాత చరిత్ర చెప్పుట సాధ్యము కాలేదు.

వెలుపల చెట్ల క్రింద భోజనము చేయుచు రుద్రమదేవిని గూర్చి అడిగినారు. ఆమె కీర్తి ఎంత దూరము పోయినదో చెప్పవలెనని మార్కో పోలోను తెచ్చినాము. ఆయన ఇటలీలోని వెనిస్ నగరపు వర్తకుడు. 13వ శతాబ్దమున తూర్పు దేశములు తిరిగి, మోటుపల్లి రాజ్యమును వివేకవతియైన రాణి ఏలుచున్నదని, అచ్చట వజ్రములు, మిక్కిలి సన్నని వస్త్రములు దొరకునని వ్రాయించినాడు. ఆ రాణి రుద్రమయే అని పండితులు తలచుచున్నారు. ఆ మోటుపల్లి రేవులోనే ఆమె తండ్రి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చుచు 1244లో శాసనము వేయించినాడు. పిల్లలకు శాసనముతో పని లేదు. వెనిస్‌లో వీధులు నీళ్ళే అను మాట పట్టుకొన్నారు. బడికెట్లు పోవుదురని అడిగినారు. పడవలలో అన్నాము. “గోదారి వచ్చినప్పుడు మేం గూడ పడవల్లనే పోయినం” అన్నది ఏటి గట్టున మేనమామ ఇల్లున్న ఒక పిల్ల. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పటి మాట అది. 1986లో 75 అడుగులు దాటినదని వారి తాతలు చెప్పుదురు. ఇటలీ పిల్లలు ప్రతిదినమును వరదలోనే ఉందురని తీర్మానించి, వారిపై జాలిపడి, పులిహోర మరల వడ్డించుకొన్నారు.

ఇట్లు కోటలోనే రెండు గంటలు దాటినది. హనుమకొండ వేయిస్తంభముల గుడికి మిగిలినవి నలుబది నిమిషములు. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయము అది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికిని గర్భగృహములున్నవి. ఇసుక నింపిన పునాది మీద అంత బరువు ఎట్లు నిలుచునో చూపుటకు మాలో ఒకడు టిఫిను డబ్బాలో ఇసుక తెచ్చియుండెను. రైలులోనే పిల్లలు దానిని ఊడ్చివేసినారు. మండపమును 2006లో విప్పి, రాళ్ళను తిరిగి పేర్చి, 2024లో తెరచినారని చెప్పగా, “అంటే నేను పుట్టకముందు విప్పిన్రు” అని ఒకడు లెక్కవేసినాడు.

అచ్చట లెక్కించినప్పుడు 23 మందియే తేలినారు. మరల లెక్కించినాము, 23. ఆ పది నిమిషములలో మా నలుగురి ముఖములలో నెత్తురు లేదు. ఆ తల్లుల ఎదుట ఏ ముఖముతో నిలుతుమను తలంపు తప్ప వేరొకటి లేదు. దర్జీ పిల్లయే చూపినది. అతి చిన్నవాడొకడు నంది కడుపు ప్రక్కన చేరి, నున్నని రాతిలో తన ముఖము కనబడుచున్నదా అని చూచుకొనుచున్నాడు. “నేను మెల్లగ నడుస్త గద, అందరు ఎటు పోయిన్రో కనబడ్తది” అన్నది ఆమె.

సాయంత్రపు రైలు ఆలస్యముగా వచ్చినది. ఎనిమిదింటికి చేరుదుమన్న మేము పల్లెకు చేరునప్పటికి రాత్రి పదిన్నర. తల్లులు రోడ్డు మీదనే చేతిలో టార్చిలైట్లతో నిలిచియున్నారు. కొందరు మాటలన్నారు. పడవలసినవే, పడినాము. దర్జీ భార్య కూతురిని ఎత్తుకొని, “తిన్నదా?” అని మాత్రము అడిగి పోయినది. మమ్ము క్షమించినదో లేదో తెలియదు. మరుసటి శనివారము పిల్ల చదువునకు వచ్చినది. చూచినది బొమ్మ గీయుమన్నప్పుడు తక్కినవారు తోరణము గీసినారు. ఆమె రైలు కిటికీ గీసినది. కిటికీలో ఏమియు గీయలేదు. ఏమని అడుగగా, “జల్ది జల్ది పోయింది, సార్” అన్నది.

ఖర్చులు పోను మిగిలిన 140 రూపాయలను రశీదులతో సహా కళాశాల కార్యాలయములో జమ చేసినాము. పిల్లలు ఇప్పుడు గోపన్న చెరసాల చూడవలెనని పట్టుబట్టుచున్నారు. గోలకొండకు పోవలెనన్న రాత్రి రైలు తప్పదు. రాత్రి ఆడపిల్లలను పంపమన్న తల్లుల మాట అట్లే ఉన్నది. క్రొత్త కాగితముపై ఈసారి స్థలము ఒక్కటే వ్రాసినాము. దానికంటె పైన, మొదటి పంక్తిలో, మూత్రశాలలు ఎచ్చటెచ్చట ఉన్నవో వ్రాసినాము. పోయిన ఆదివారము ఈ సంగతి పల్లెలో చెప్పగా తల్లులందరును మౌనముగా ఉన్నారు. చివరకు దర్జీ భార్య కుట్టుమిషను మీద నుండి తలయెత్తకుండ, “రాత్రి రైలైతే నేను గూడ వస్త” అన్నది. ఆమె టికెట్టును అంచనాలో చేర్చి ఆ కాగితమును కార్యవర్గము వారి ఎదుట ఉంచుచున్నాము.